లెక్కకందని మరణములు

1921వ సంవత్సరమున భారతదేశమునందు జరిగిన జనాభా లెక్కలను పరిశీలించువారికి ఒక విషయము వెంటనే కనిపించును. 1911లో 31 కోట్ల 50 లక్షలుగా నున్న జనసంఖ్య పది సంవత్సరములు గడచిన పిమ్మటను 31 కోట్ల 90 లక్షలను దాటలేదు. నేటి భారతదేశపు సరిహద్దులలోని ప్రదేశమును మాత్రమే తీసికొన్నచో, అది 25 కోట్ల 21 లక్షలనుండి 25 కోట్ల 13 లక్షలకు దిగిపోయెను. 1901 మొదలు నేటివరకు మరి ఏ దశాబ్దమునందును మన జనసంఖ్య తగ్గలేదు. జనసంఖ్యాశాస్త్రము నెరిగినవారు 1921ని ఒక గొప్ప సరిహద్దురాయిగా భావింతురు. అంతకుముందు కరవులును తెగుళ్లును మనుష్యులను పెరుగనీయలేదు; ఆ తరువాత పెరుగుదల ఆగలేదు.

ఆ దశాబ్దమునందే మొదటి ప్రపంచయుద్ధము జరిగినది. ఆ యుద్ధమున మడిసిన భారతసైనికులు సుమారు 74,000 మంది. ఇది చిన్న సంఖ్య కాదు. కాని ఒక మహాదేశపు జనసంఖ్యను నిలిపివేయగల సంఖ్యయును కాదు. నిలిపివేసినది ఇన్‌ఫ్లూయెంజా అను జ్వరము. అది 1918 సెప్టెంబరునుండి డిసెంబరువరకు, అనగా ఒక పంటకాలములో, కోటికి మించిన ప్రాణములను తీసికొనిపోయెను. లిఖితాధారములు గల మన చరిత్రలో ఇంత స్వల్పకాలమున ఇన్ని మరణములు కలిగిన సంఘటన మరియొకటి కానరాదు. అయినను మన చరిత్రగ్రంథములు యుద్ధమునకు ఒక ప్రకరణమును, రౌలట్ చట్టమునకు ఒక ప్రకరణమును ఇచ్చి, ఈ రెంటి నడుమ ఈ జ్వరమునకు ఒక వాక్యముతో సరిపెట్టినవి. ఈ ఉపేక్ష ఎట్లు కలిగినదో తెలియవలెనన్న, ఆ మరణములు సంభవించిన తీరును, అంతకంటె ముఖ్యముగా వానిని లెక్కించిన తీరును చూడవలయును.

ఆ వ్యాధి సముద్రమార్గమున వచ్చినది. 1918 మే మాసాంతమున సైనికులతో ఒక ఓడ బొంబాయి రేవు చేరెను. జూన్ 10వ తేదీన రేవులో కావలి కాయుచున్న పోలీసు సిపాయీలు ఏడుగురు జ్వరముతో ఆసుపత్రిలో చేరిరి. అది మలేరియా కాదని వైద్యులు గుర్తించిరి. పిమ్మట రేవు ఉద్యోగులు, తంతి కార్యాలయమువారు, టంకశాలవారు, నూలుమిల్లుల కూలివాండ్రు వరుసగా పడకవేసిరి. వ్యాధి ఓడనుండి నగరమునకు దిగినదా, నగరమునుండి ఓడలోని కెక్కినదా అని నగరపు ఆరోగ్యాధికారి టర్నరునకును పై అధికారులకును వాదము జరిగెను. యుద్ధకాలమున ఓడలమీద నింద మోపుట ప్రభుత్వమునకు రుచింపదుగదా! ఇట్టి నామవివాదమే ప్రపంచమంతటను నడచినది. స్పెయిను దేశము యుద్ధమున చేరలేదు కనుక అచటి పత్రికలు తమ రాజు జ్వరపడిన సంగతిని సైతము దాపరికము లేక ప్రకటించినవి. తక్కిన దేశములు తమ రోగులను దాచుకొనుటచేత ఆ జ్వరమునకు స్పెయినుపేరు స్థిరపడెను. మనదేశమున అనేకులు దానిని బొంబాయిజ్వరమనిరి.

ఈ మొదటి విజృంభణము పెద్దదిగా తోచలేదు. మూడునాలుగు దినములు ఒళ్లునొప్పులు, జ్వరము, పిదప స్వస్థత. జూలైలో అది తగ్గుముఖము పట్టగా జనులు దానిని మరచిరి. సెప్టెంబరులో తిరిగివచ్చినది మాత్రము వేరొక స్వభావము గలది. జ్వరము తగిలిన రెండుమూడు దినములకే ఊపిరితిత్తులు నీటితో నిండి, ముక్కునుండి రక్తము కారి, ముఖము నీలివర్ణమునకు తిరిగి, రోగి ఊపిరాడక మరణించుచుండెను. బొంబాయిలో అక్టోబరు 6వ తేదీ ఒక్కనాడే 768 మరణములు నమోదైనవి. అక్టోబరు మధ్యమునకు మద్రాసు, నవంబరునకు కలకత్తా. ఈ క్రమము రైలుమార్గముల క్రమమే. బొంబాయినుండి మద్రాసు పోవు బండి రాయచూరు, గుంతకల్లు, కడపల మీదుగా పోవును. టపా తెచ్చువాడు, సెలవుమీద ఇల్లు చేరు సిపాయి, మిల్లు మూతపడగా ఊరికి మరలిన కూలివాడు—వీరే ఆ వ్యాధికి వాహకులు. అది పడమటినుండి తూర్పునకు పోయినకొలది దాని తీవ్రత కొంత తగ్గెను. బొంబాయి రాజధాని, మధ్యపరగణాలు, బీరారు, సంయుక్తరాష్ట్రములు, పంజాబు మిక్కిలి దెబ్బతిన్నవి. మద్రాసు రాజధాని వానికంటె కొంత తేలికగాను, బంగాళము మరింత తేలికగాను తప్పించుకొన్నవి. తేలిక అనుమాట పట్టికలలోని పోలికకే చెల్లును.

సూక్ష్మజీవికి కులమతములు లేవని చెప్పుట పరిపాటి. బొంబాయి నగరపు లెక్కలు ఆ మాటను సమర్థింపవు. ఆ నగరమున అంటరానివారిగా, అధమకులములవారిగా ఎంచబడిన హిందువులలో వేయికి 61.6 మంది చొప్పున మరణించిరి. తక్కిన హిందువులలో ఆ సంఖ్య 18.9, మహమ్మదీయులలో 19.2, పారసీకులలో 9, ఐరోపావారిలో 8.3. ఒకే నగరము, ఒకే మాసములు, ఒకే వ్యాధి. భేదమెల్ల ఒక గదిలో ఎందరు పడుకొనిరి, రోగికి గంజి కాచి యిచ్చువారెవరైన మిగిలిరా అనుదానిలో ఉన్నది. ఈ వ్యాధికి నాడు మందు లేదు. రోగకారకమే వైద్యులకు తెలియదు. ఫైఫరు 1892లో కనుగొన్న ఒక బాక్టీరియమే దీనికి కారణమని నమ్మి దానిని వెదకుచుండిరి. అసలు కారణమైన వైరసును మనుష్యులనుండి వేరుపరచుట 1933లో గాని జరుగలేదు. 1918 నాటి వైరసు నిర్మాణము సంపూర్ణముగా తెలియుటకు 2005వరకు ఆగవలసివచ్చెను. కనుక 1918లో రోగిని బ్రదికింపగలిగినవి విశ్రాంతి, ఆహారము, పరిచర్య మాత్రమే. ఆ మూడింటిలో ఏదియు పేదవానికి దొరకునది కాదు.

ఆహారవిషయమున ఆ సంవత్సరము మరీ క్రూరముగా నుండెను. 1918 నైరృతి ఋతుపవనము దేశము మొత్తముమీద సగటుకంటె దాదాపు నాలుగవవంతు తక్కువగా కురిసెను. 1877, 1899 కరవు సంవత్సరముల తరువాత అంతటి అనావృష్టి అదియే. యుద్ధమువలన ధాన్యము, గుడ్డ, కిరసనాయిలు ధరలు అంతకుముందే మండిపోవుచుండెను. మద్రాసు నగరమున సెప్టెంబరు మాసమున, జ్వరపు రెండవ విజృంభణము చేరుటకు కొన్ని దినములముందు, జనులు అంగళ్లమీదపడి బియ్యమును, గుడ్డలను దోచుకొనిరి. ఆ ఏట రాజధానిలోని పెక్కు జిల్లాలలో ఇట్టి దోపిడులు నూటికి పైగా జరిగినవి. మధ్యపరగణాలలోను, దక్కనులోను మేత లేక పశువులు చచ్చుచుండెను. అనగా వ్యాధి వచ్చునాటికే జనులు ఆకలితో నుండిరి. వ్యాధి వచ్చిన పిమ్మట పండిన కాసింత పైరును కోయుటకును, రబీ విత్తుటకును చేతులు లేకపోయెను. ఏది దేనికి కారణమో విడదీయుట కష్టము. 1918లోని మరణములలో కరవువాటా ఎంత, జ్వరమువాటా ఎంత అని తగవుపడు పండితులు ఈ కష్టమును తగినంతగా గుర్తించినట్లు నాకు తోచదు. ఆకలిగొన్నవాని శరీరమున ఆ రెండును వేరువేరు గదులలో నివసింపలేదు.

సాధారణమైన ఇన్‌ఫ్లూయెంజా పసివారిని, వృద్ధులను బాధించును. ఇది యౌవనవంతులను కోరుకొన్నది. ఇరువదినుండి నలువది సంవత్సరములవారు ఎక్కువగా మరణించిరి. మరియు మనదేశమున పురుషులకంటె స్త్రీలు హెచ్చుగా పోయిరి. ఇంటిలో అందరును పడకనున్నప్పుడు లేచి నీరు కాచవలసినది ఆమెయే. అందరును తిన్నపిమ్మట మిగిలినది తినునదియు ఆమెయే. గర్భిణుల స్థితి మరింత దారుణము. మరుచటి సంవత్సరము జననములు స్పష్టముగా తగ్గినవి. తల్లులు కావలసినవారు లేకపోయిరి.

ప్రభుత్వమేమి చేసెను? ఈ ప్రశ్నకు సమాధానము ఇరువది సంవత్సరములు వెనుకకు పోయిన గాని తెలియదు. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టినప్పుడు ప్రభుత్వము భయపడి, 1897లో అంటువ్యాధుల చట్టమును చేసి, సైనికులను ఇండ్లలోనికి పంపి, రోగులను బలవంతముగా ఈడ్చుకొనిపోయి, సామానులు తగులబెట్టించెను. పూనాలో ప్లేగు అధికారి ర్యాండు హత్యకు గురియయ్యెను. ఆ అనుభవమునుండి పాలకులు నేర్చుకొన్న పాఠము, జనుల ఇండ్లలోనికి పోరాదనునది. పోకుండుటకును సాయపడకుండుటకును గల భేదమును మాత్రము వారు నేర్చుకొనలేదు. 1918లో వైద్యాధికారులలో పెక్కుమంది యుద్ధరంగములలో నుండిరి. దేశమున మిగిలినవారు చాలలేదు. పాఠశాలలు మూసిరి, కరపత్రములు పంచిరి, తలుపులు తెరచి నిద్రింపుడని ఉపదేశించిరి. అధికారులు సిమ్లావంటి కొండలమీద నుండి జనులను విధికి వదలివేసిరని కొన్ని భారతీయ పత్రికలు ఘాటుగా వ్రాసినవి. ప్లేగు 1896నుండి 1918వరకు సుమారు కోటిమందిని చంపెను. జ్వరము నాలుగు మాసములలో అంతకు మించి చంపెను. అయినను తాతలు చెప్పిన కథలలో ప్లేగు నిలిచినట్లు ఈ జ్వరము నిలువలేదు. ప్లేగునాడు ఎదిరించుటకు ఒక ప్రత్యర్థి ఉండెను. ఇందు ఎవరిని ఎదిరింతురు?

ప్రభుత్వము వదలిన చోట సంఘములు పూనుకొనినవి. బొంబాయిలో ఒక్కొక్క సమాజమువారు తమవారికై తాత్కాలిక ఆసుపత్రులు తెరచిరి; సోషల్ సర్వీసు లీగువంటి సంస్థలు మందులు పంచిపెట్టెను. సూరతు ప్రాంతమున కళ్యాణ్‌జీ మెహతా, కున్వర్‌జీ మెహతా సోదరులు యువకులను కూడగట్టి గ్రామములకు మందులు చేర్పించిరి. ఆ సోదరులే పది సంవత్సరముల తరువాత, 1928లో, బార్డోలీ సత్యాగ్రహమున ముఖ్యులైరి. మూసిన తలుపులు తట్టి మందు ఇచ్చినవారికి పిదప కాలమున ఆ తలుపులు తెరువబడుట సహజము. ఈ సందర్భమున ఒక అపోహను తొలగింపవలసియున్నది. గాంధీజీకి ఆ సంవత్సరము వచ్చిన ప్రాణాంతకమైన జబ్బు ఇన్‌ఫ్లూయెంజాయని పలువురు వ్రాయుచున్నారు. అది రక్తగ్రహణియని ఆయనయే ఆత్మకథలో వివరముగా చెప్పినారు. ఇన్‌ఫ్లూయెంజా ఆయన కుటుంబమును తాకినది మరియొక రూపమున: జ్యేష్ఠపుత్రుడు హరిలాలు భార్య గులాబు ఆ జ్వరముతోనే మరణించెను. మహాపురుషునికి వచ్చిన జబ్బును గూర్చి పుటలు వ్రాసినవారు, ఆ కోడలి మరణమును గూర్చి వ్రాసినది స్వల్పము.

ఇక లెక్కల విషయము. నాడు గ్రామములలో మరణములను నమోదుచేయుపని వైద్యులది కాదు. మద్రాసు రాజధానిలో గ్రామమునసబు పుస్తకమున వ్రాసికొనుచుండెను. బంగాళమునందును, సంయుక్తరాష్ట్రములందును ఊరి చౌకీదారు ఠాణాకు పోయినప్పుడు, తనకు జ్ఞాపకమున్నంతవరకు, ఎవరెవరు పోయిరో చెప్పుచుండెను. చౌకీదారునకు తరచుగా చదువు రాదు. ఠాణాలోని పుస్తకమున గడులు కొన్నియే: కలరా, మశూచి, ప్లేగు, అతిసారము, ఊపిరితిత్తుల వ్యాధులు, గాయములు, ఇతరములు, వీనియన్నింటికంటె విశాలమైనది జ్వరములు అను గడి. పేరు తెలియని ప్రతి మరణమును అందు పడుచుండెను. ఇన్‌ఫ్లూయెంజాకు గడి లేదు. 1918 అక్టోబరునాటికి పలుచోట్ల చౌకీదారు తానే మంచమెక్కెను, లేదా మరణించెను. శవములను దహించుటకు కట్టెలు దొరకక నదులలో వదలిన వారములలో పుస్తకమున వ్రాయించుటకు ఎవరు పోవుదురు? స్వదేశసంస్థానములలో పెక్కింటియందు ఆ పుస్తకములును సరిగా లేవు.

కనుక ఆ జ్వరముతో మరణించినవారి సంఖ్య ఎన్నడును ఒకటి, రెండు, మూడు అని లెక్కించి తేల్చినది కాదు. అది ఒక తీసివేత. ముందటి సంవత్సరములలో బ్రిటిషు ఇండియాయందు వేయికి 30కి అటునిటుగా మరణించుచుండిరి. 1918లో వేయికి 62కు పైగా నమోదైరి. ఈ హెచ్చులో మలేరియాకు, ప్లేగునకు, కరవునకు ఎంత విడువవలయును, నమోదుకాని మరణములకు ఎంత కలుపవలయును అనుదానినిబట్టి సంఖ్య మారుచుండును. శానిటరీ కమిషనరు నార్మన్ వైటు 1919లో వేసిన తొలి అంచనా బ్రిటిషు ఇండియాకు 50 లక్షలు, సంస్థానములకు 10 లక్షలు. 1921 జనాభా లెక్కల నివేదిక దానిని ఒక కోటి 20 లక్షలనుండి ఒక కోటి 30 లక్షలవరకు పెంచెను. 1951లో కింగ్‌స్లీ డేవిసు జనాభా లెక్కలనే ఆధారముగా గొని ఒక కోటి 85 లక్షలనెను. 1986లో మిల్సు అను చరిత్రకారుడు ఒక కోటి 70 లక్షలు, 80 లక్షలు అనెను. 2012లో మరికొందరు పరిశోధకులు బ్రిటిషు పరగణాలకు సుమారు ఒక కోటి 40 లక్షలని తేల్చిరి. అత్యల్పమునకును అత్యధికమునకును నడుమ గల అంతరము ఒక కోటికి మించినది. ఒక్కొక్క పండితుని తీసివేతలో లక్షలకొలది మనుష్యులు బ్రదుకుచు, చచ్చుచు నున్నారు. ప్రపంచమంతటను ఆ వ్యాధిచే 5 కోట్లమంది మరణించిరను అంచనాను అంగీకరించినచో, అందు మూడవవంతువరకు మనదేశపువారే.

ఈ తీసివేత నూరేండ్ల క్రిందటి ముచ్చటయని తలంపరాదు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు ప్రభుత్వములు బయటికి తీసినది 1897 నాటి ఆ చట్టమునే. 2020, 2021 సంవత్సరములలో ఆ వ్యాధితో మరణించినవారు 4 లక్షల 81 వేలని ప్రభుత్వలెక్క. సాధారణ మరణములకంటె హెచ్చుగా సంభవించినవి 47 లక్షలని 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. భారతప్రభుత్వము ఆ అంచనావేసిన పద్ధతిని అంగీకరింపలేదు. నార్మన్ వైటు చేతిలోనున్న సాధనమునకును ఈ సాధనమునకును గణితమున చాల భేదము కలదు. ఊరిలో మరణమును వ్రాసికొనువాని అవస్థయందు గల భేదము అంత పెద్దది కాదు.

యుద్ధమున మరణించిన సైనికులకై ఢిల్లీలో 1921లో పునాది వేసి 1931లో ఆవిష్కరించిన తోరణముమీద 13 వేలకు పైగా పేర్లు చెక్కబడినవి. జ్వరముతో మరణించినవారికి అట్టి శిల లేదు. 1918 నవంబరు 11న యుద్ధము ముగిసెను. 1919 మార్చిలో రౌలట్ చట్టము, ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగు. పంజాబులో ఆరు మాసములముందు ఎన్నో రెట్లు మంది జ్వరముతో పోయిరి. కాని ఏప్రిలులోని మరణములకు తుపాకి పట్టినవాడొకడు కనబడుచుండెను. దేశము యొక్క దుఃఖము అటు ప్రవహించుట న్యాయమే. ఆ ఏటనే వచ్చిన రాజ్యాంగ సంస్కరణలు ప్రజారోగ్యమును రాష్ట్రమంత్రులకు అప్పగించెను. బాధ్యత వారిది, బొక్కసపు తాళముచెవి గవర్నరుది.

జ్ఞాపకము మిగిలినది సాహిత్యములోనే, అదియు అక్కడక్కడ. అహమ్మదు అలీ 1940లో ప్రకటించిన ఢిల్లీ నవలయందు సమాధులు త్రవ్వువారు కూలి పెంచుటయు, శవములపైని వస్త్రములను దొంగిలించుటయు కనబడును. శాంతినికేతనమున రవీంద్రనాథునకు మిక్కిలి ఆప్తుడైన విమర్శకుడు అజిత్‌కుమార చక్రవర్తి 1918 డిసెంబరులో ఆ జ్వరమునకే బలియయ్యెను. తన విద్యాలయపు బాలురకు పంచతిక్తకషాయము త్రాగించుచున్నాననియు, వారు క్షేమముగా నున్నారనియు రవీంద్రుడు జగదీశచంద్రబోసునకు వ్రాసెను. కషాయము పనిచేసినదని నేడు వైద్యులెవరును అనరు. కాని బాలురను దినదినము చూచు ఒకరుండుట చిన్న సంగతి కాదు.

హిందీ మహాకవి సూర్యకాంత త్రిపాఠి నిరాలా అందరికంటె తిన్నగా ఆ రోజులను గూర్చి వ్రాసినాడు. ఆయన బంగాళములోని మహిషాదల్ సంస్థానమున నుండగా భార్య జబ్బుపడినదని తంతి వచ్చెను. హిందీభాషపై ఆయనకు మక్కువ కలిగించినది ఆ మనోహరాదేవియే. గంగయొడ్డునగల డల్మవూ గ్రామమున పుట్టింటిలో ఆమె ఉండెను. ఆయన చేరునప్పటికి ఆమె లేదు. నది పొడవునను శవములు కనబడెను. స్వగ్రామమునకు పోగా అచట దాయాది అన్నగారును, ఆయన ఇంటివారు కొందరును వరుసగా కనుమూసిరి. 1921 జనాభా పట్టికలలో భర్త మరణించిన స్త్రీలకు గడి కలదు, భార్య మరణించిన పురుషులకు గడి కలదు. తల్లిదండ్రులు మరణించిన బిడ్డలకు గడి లేదు. నిరాలా తన ఇద్దరు బిడ్డలను, అన్నగారి నలుగురు బిడ్డలను పోషించు భారమును తలకెత్తుకొని మరల మహిషాదల్ కొలువునకు పోయెను.